మళ్లీ పుట్టాల్సిన మనిషి

(1889. పాలకొల్లు దగ్గర ఒక పల్లె. అరుగు మీద బుల్లెమ్మ, మొగుడితో పుట్టింట్లోనే కాపురముంటోంది. వాకిట్లో ఆమె తమ్ముడి పెళ్లాం మాణిక్యం. తమ్ముడు సత్తియ్య తెల్లదొరల పటాలంలో సిపాయిగా చేరి, ఎనిమిదేళ్ల కిందట పెళ్లాన్ని కూడా రంగూన్ తీసుకెళ్లాడు. మాణిక్యం ఇప్పుడే కాలవ పడవ దిగి వచ్చింది.)

"అక్కడే ఆగు. గడప తొక్కకు."

"తొక్కడం లేదండి వదినగారూ. వాకిట్లోనే ఉన్నాను. కాళ్లు కడుక్కోడానికి చెంబెడు నీళ్లిప్పిస్తే..."

"నీళ్ల సంగతి తర్వాత. మొహాన అంత బొట్టేంటే? చేతుల నిండా ఆ గాజులేంటి? సిగ్గులేదూ?"

"పెళ్లయినదాన్ని. బొట్టు పెట్టుకుంటే సిగ్గెందుకండి?"

"కట్టుకున్నవాడు పోయి రెండేళ్లయింది. ఇంటిల్లిపాదీ నెత్తిన నీళ్లోసుకున్నాం. నువ్వేమో పేరంటానికొచ్చినట్టు పసుపు రాసుకుని దిగావు. రంగూన్‌లో మొగుడు పోయినవాళ్లు ఇలాగే తయారవుతారేం?"

"ఎవరు పోయారండి?"

"ఎవరేంటి! మా సత్తియ్య! నా తమ్ముడు, నీ మొగుడు!"

"మీ తమ్ముడు రేవులో, పడవలో కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడండి."

"ఏ సత్తియ్య?"

"మీకెంతమంది తమ్ముళ్లండి?"

"బతికే... బతికే ఉన్నాడా?"

"ఉన్నాడండి. పొద్దున్నే చద్దన్నం తిన్నాడు. మాగాయ లేదని నన్ను తిట్టాడు కూడాను."

"మరైతే... మరైతే చేను?"

"ఏంటండి?"

"ఏం లేదు. ఏం లేదే. ఏదో నోరు జారింది."

"జారినా మంచిచోటే పడిందండి. తమ్ముడు బతికున్నాడంటే గొల్లుమంటారనుకున్నాను. చేను గుర్తొచ్చింది మీకు. ఎవరు దున్నుతున్నారేం, ఆయన వాటా?"

"ఇంకెవరు, మా ఆయన, మీ అన్నయ్యే. బీడు పెట్టమంటావా? ఇన్నాళ్లూ ఒక్క కబురన్నా చేశావా నువ్వు?"

"చెయ్యొద్దన్నాడండి ఆయన. ఎందుకన్నాడో తర్వాత చెప్తాను. అసలు పోయాడని మీకెవరు చెప్పారు?"

"చిట్టియ్య. అక్కడి బియ్యం మిల్లులో పనికెళ్లి తిరిగొచ్చాడుగా. మండలేకి ఎగువన కొట్లాటలో మన సత్తియ్య పోయాడని చెప్పాడు."

"కళ్లారా చూశాడా?"

"చూళ్లేదు. ఎవరో అనుకుంటుంటే విన్నాట్ట."

"ఎవరో అన్నారు, చిట్టియ్య విన్నాడు, మీరు కర్మ చేశారు. కబురు లేనివాడికి పన్నెండేళ్లు ఆగి చెయ్యాలంటారు కదండీ?"

"అంటారు. కానీ శాస్తుర్లుగారు దగ్గరదారి ఉందన్నారు."

"మీరెన్నాళ్లు ఆగారో?"

"ఎన్నాళ్లని ఆగుతామే? కాలవకి నీళ్లొదిలేశారు. ఆకుమళ్లు పోసే వేళయింది. కర్మ జరిగితే గానీ చేను మీ అన్నయ్య పేర మార్చనని కరణం భీష్మించుక్కూర్చున్నాడు."

"అంటే ఆకుమళ్లకి ఆలస్యమవుతుందని ఆయన్ని చంపేశారన్నమాట."

"ఛీ, ఆ మాటలేంటి! ఎంత పద్ధతిగా చేశామో తెలుసా? శవం లేదు కదాని మోదుగాకులు తెప్పించి బొమ్మ కట్టించాం. తలకి కొబ్బరికాయ పెట్టారు. అచ్చం మనిషిలాగే ఉందే. అది కాలుతుంటే నేనెంత ఏడ్చానో ఊళ్లో ఎవర్నన్నా అడుగు."

"ఆకులకి ఏడ్చారు. మనిషి వచ్చాడంటే మాత్రం కంట్లో చుక్క రాలేదు."

"నోరు బాగా పెరిగిందే నీకు. సముద్రం దాటొచ్చినదానివి, ఎవరి చేతి నీళ్లు తాగావో, ఏం తిన్నావో. కుళ్లబెట్టిన చేపలు ముద్ద చేసుకుని తింటారటగా అక్కడ?"

"మరి మనం భీమవరం సంతలో కొనుక్కునే ఎండుచేపలు మల్లెపూల వాసనొస్తాయాండి?"

"దానికీ దీనికీ పోలికా! మొగుడి జీతం మీద రాణీలా కూర్చుని తిన్నావు. నడుములు పడిపోయేలా ఊడ్పులు ఊడ్చింది ఇక్కడ మేము."

"రాణీనేనండి. సిపాయిల లైనులో వెదురు తడికల గది నా కోట. అక్కడ ఆర్నెల్లు వాన. మంచం కింద నీళ్లు, నీళ్లలో కప్పలు. తెల్లారకుండానే బూరా ఊదేవారు, ఆపాటికి అన్నం వార్చి ఆయనకి పెట్టెయ్యాలి. వారానికోసారి దొర వచ్చి నా వంటింట్లో కర్రతో కుండల మూతలెత్తి చూసేవాడు, శుభ్రంగా ఉన్నాయా లేదా అని. బూట్లతోటే! ఏ రాణీ వంటింట్లోకన్నా అలా వస్తారాండి?"

"అమ్మో! మైల కాదూ!"

"ఇంకా వినండి. పటాలం ఎగువకి కొట్లాటకి పోతే ఆడాళ్లం లైనులో మిగిలేవాళ్లం. పొగపడవ వస్తోందంటే చాలు, పొయ్యి మీది కుండ పొయ్యి మీదే వదిలేసి రేవుకి పరుగు. ఎవరి మొగుడు దిగాడో, ఎవరి మొగుడు దిగలేదో. దిగనివాడి పెళ్లాం గది ఖాళీ చెయ్యాలి. ఆవిడింకా ఏడుస్తుండగానే ఇంకొకామె చాప, చేట పట్టుకుని గుమ్మంలో నిలబడేది. ఒకసారి అలా నిలబడింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది."

"మరి నీ పురుడెవరు పోశారే? కడుపుతో ఉన్నావని అప్పట్లో చెప్పుకున్నారు."

"హవల్దారు సాయిబుగారి భార్య."

"సాయిబులావిడా!"

"ఆవిడేనండి. బొడ్డు కోసింది. బిడ్డ దక్కలేదు. ఆయన అప్పుడు ఎగువన కొట్లాటలో ఉన్నాడు. గొయ్యి కూడా ఆవిడ మొగుడే తవ్వాడు, వానలో. ఏదో మైల అంటున్నారు కదా, చెప్పండి, వింటాను."

"సరేలే. ఎవరి ఖర్మ వారిది. ఇప్పుడయ్యే పని చూద్దాం. కర్మ అయిపోయిన మనిషి ఊరికే ఇంట్లోకి రాకూడదు."

"ఎలా రావాలండి?"

"మళ్లీ పుట్టాలి."

"ఏంటీ?"

"పుట్టాలే. పట్టిసీమ దగ్గర ఒకాయన కాశీ వెళ్లి తిరిగిరాలేదని కర్మ చేసేస్తే, తర్వాతెప్పుడో నవ్వుతూ వచ్చాట్ట. శాస్తుర్లుగారే జరిపించారు. గంగాళంలో కూర్చోబెట్టి నేతినీళ్లు పోసి, అప్పుడే పుట్టినట్టు పైకి తీసి, పొత్తిళ్లలో చుట్టి, ఉయ్యాల్లో వేసి పేరు పెట్టాలి."

"అంత మీసాలాయన్ని ఉయ్యాల్లో వేసి జోలపాడతారాండి? ఎవరు పాడతారో, మీరేనా?"

"శాస్త్రంతో వేళాకోళమా? కళ్లు పోతాయి."

"పోనీలెండి, పుట్టాడు. పేరు పెట్టారు. తర్వాతో?"

"తర్వాత పెళ్లి."

"ఎవరికండి?"

"వాడికే. చచ్చినవాడితో పాటు పాత పెళ్లీ పోయింది కదా. మళ్లీ చెయ్యాలి."

"నాతోటే కదండీ?"

"ఆ... పాతామెతోటే చెయ్యాలని శాస్త్రంలో..."

"శాస్త్రంలో?"

"ఉందనుకో. ఉంది. కానీ మాణిక్యం, నువ్వు తెలిసినదానివి కనక చెప్తున్నాను. నీకా పిల్లలు లేరు. వయసా మళ్లుతోంది. మా అమ్మాయి వీరమ్మకి సంబంధాలు చూస్తున్నాం. మేనమామ వరస, దేవుడు కుదిర్చిన వరస. ఎలాగూ పందిరెయ్యక తప్పదు. ఆ పెళ్లేదో వీరమ్మతో జరిపించేస్తే ఒక్క పందిట్లో రెండు పనులూ అయిపోతాయి కదా అని."

"ఇందాక మైల అన్నారు. ఆయనా నేనెక్కిన ఓడే ఎక్కాడండి. నేను తాగిన నీళ్లే తాగాడు."

"మగాడికేంటే? గోదాట్లో నాలుగు మునకలేస్తే పోతుంది. పైగా జమేదారయ్యాడని చిట్టియ్య చెప్పాడు. జమేదారంటే మాటలా?"

"మరి చేను?"

"ఎక్కడికి పోతుంది? ఇంట్లోదేగా. అల్లుడిదైనా ఒకటే, మాదైనా ఒకటే."

"మరి నేనో?"

"నువ్వూ ఉండు. నిన్నెవరు పొమ్మన్నారు? గొడ్లపాక పక్కన వసారా ఖాళీగానే ఉంది. వీరమ్మకి వంటలో చేదోడుగా ఉంటావు."

"వంటింట్లోకి రానిస్తారాండి నన్ను?"

"బంగారపు తీగ కాల్చి నాలుక మీద అంటిస్తే శుద్ధి అయిపోతుంది. చిటికెలో పని."

"ఆయనకి మునకలు, నాకు వాతలు. బాగుందండి. ఇంతకీ మేనమామని సరిగ్గా చూసుకుంటుందా వీరమ్మ?"

"కంటికి రెప్పలా చూసుకుంటుంది. మావయ్యంటే దానికి ప్రాణం. అంతా మంచికేనే మాణిక్యం. కలిసొచ్చే కాలం వస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడని ఊరికే అన్నారా? నాకు అల్లుడే నడిచొచ్చాడు."

"నడిచి రాడండి వదినగారూ."

"ఏం? రేవు దగ్గరేగా? పోనీ, బండి కట్టించనా?"

"కాళ్లు లేవండి ఆయనకి."

"కాళ్లు లేకపోవడమేంటే!"

"రెండూనండి. మోకాళ్ల పైదాకా తీసేశారు. మండలేకి ఎగువన తూటాలు తగిలాయి. పడవలో రంగూన్ చేరేసరికి కుళ్లిపోయాయి. ఆసుపత్రిలో దొర కోస్తుంటే నలుగురు మగాళ్లు పట్టుకున్నారు. తల నేను పట్టుకున్నాను."

"అయ్యో రాత... అయ్యో నా తల్లీ..."

"ఏడవకండి, పెళ్లికూతురికి పని చెప్పాలి. పొద్దున్నే ఎత్తి దొడ్డికి తీసుకెళ్లాలి. కడగాలి. మళ్లీ తెచ్చి గోడకానించి కూర్చోబెట్టాలి. లేని కాళ్లు సలుపుతున్నాయని కేకలేస్తాడు. అప్పుడు ఉత్త దుప్పటి మీద చేతులేసి పిసకాలి. పిసకలేదా, తిడతాడు. కంచం విసురుతాడు. కాసేపటికి తనే ఏడుస్తాడు. ఓడ ఎక్కించింది నా వీపు మీదే, దించింది నా వీపు మీదే. వీరమ్మ వీపు గట్టిదేనాండి?"

"పసిపిల్లే అది! దానికేం ఖర్మ!"

"ఇందాక ప్రాణం అన్నారు."

"అన్నాను, నోటికొచ్చింది అన్నాను. అయినా పాత పెళ్లాం నిక్షేపంలా ఉండగా ఇంకో పెళ్లేంటి? శాస్త్రం ఒప్పుతుందా?"

"మీ శాస్త్రం భలే మంచిదండి. ఎటు వంచితే అటు వంగుతుంది."

"దెప్పకే. నా బుర్ర పనిచెయ్యడం లేదు."

"బుర్రతో పనిలేదు, చేతులుంటే చాలు. ఒక నులకమంచం ఇప్పించండి. అన్నయ్యగారూ ఇంకో ఇద్దరూ వస్తే మోసుకొచ్చేద్దాం. ఉయ్యాల కడతారో, గంగాళంలో ముంచుతారో, అన్నీ చేసుకోండి. పెళ్లికి పీటల మీద కూర్చోమన్నా కూర్చుంటాను. నాలుక కాల్చినా కిక్కురుమనను. ఆయన మాత్రం ఈ ఇంట్లోకి రావాలి. పుట్టిన ఇల్లు చూడాలని ఏడాదిగా నా ప్రాణం తీస్తున్నాడండి. నాకింకే కోరికా లేదు."

"రేవులో వాణ్ణెవరన్నా చూశారా?"

"పడవ గూటి కిందే ఉన్నాడు. ఎవరూ చూళ్లేదు."

"పడవవాడు మనూరివాడా?"

"కాదండి. ఎందుకూ?"

"అయితే విను. కోపం తెచ్చుకోకు. ఇలా దగ్గరికి రా."

"గడప తొక్కొద్దన్నారు."

"సరే, అక్కడే ఉండి విను. ఊరంతా వాడికి ఏడ్చేసింది. కరణం రాసేశాడు. మీ అన్నయ్యకి ఇప్పుడిది తెలిస్తే ఇంట్లో పెద్ద గొడవ. వీరమ్మకొచ్చే సంబంధాలు కూడా ఆగిపోతాయి. కాళ్లు లేనివాణ్ణి ఈ బురదల్లో ఎవరు మోస్తారే? అక్కడైతే దొరలుంటారు, ఆసుపత్రులుంటాయి."

"అంటే?"

"ఆ పడవ ఎలాగూ తిరిగి కాకినాడ పోతుందిగా. ఇంత బియ్యం కట్టిస్తాను. మాగాయ జాడీ ఇస్తాను, వాడికి చిన్నప్పట్నుంచీ ఇష్టం. పోయినవాడు పోయినట్టే ఉండనీ మాణిక్యం."

"మీ నోటితోనే అన్నారు కదండీ ఈ మాట?"

"అన్నాను. ఏం చెయ్యమంటావే?"

"ఏం చెయ్యక్కర్లేదండి. బియ్యం వద్దు, జాడీ వద్దు. ఒక్క సాయం చెయ్యండి."

"ఏంటది?"

"కబురెందుకు చెయ్యలేదన్నారే, చెప్తాను. కాళ్లు పోయాయని ఎవరి నోటో విన్నా, తనని ఒక్కసారిగా చూసినా అక్క గుండె ఆగిపోతుందని ఆయన భయం. నువ్వు ముందెళ్లి మెల్లిగా చెప్పు, అక్క ఏడుపు కాస్త తగ్గాక నన్ను తీసుకెళ్లు అని పంపించాడండి నన్ను. ఇప్పుడు మీ సంగతి ఆయనకి మెల్లిగా ఎలా చెప్పాలో, అదొక్కటీ చెప్పండి."