గాట్లువాక్ నోటి మాట

నిన్న జూమ్ ప్రార్థనలో నేను ఎవరి పేరెత్తానా? గాట్లువాక్ అనే ఆయనదమ్మా, సహానా. నీకెలా తెలుస్తాడులే, నువ్వు జర్మనీకి, ఈ బ్రెమెన్‌కి వచ్చేసరికే పోయాడు. మా ఎదురు ఫ్లాట్. దక్షిణ సూడాన్ మనిషి, తాటిచెట్టంత పొడుగు, నుదుటి మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా గాట్లు. వాళ్ళలో మగపిల్లాడు పెద్దోడైతే అలా గీస్తారట. మొదట్లో మీ అంకులూ నేనూ జంకాం. తర్వాత్తర్వాత మా చేపల పులుసు గిన్నె ఆ ఇంట్లోనే ఉండేది. వాళ్ళ భాషని లోకమంతా నూయెర్ అంటుంది గానీ ఆయనకి నచ్చేది కాదు. "అది పక్కవాళ్ళు పెట్టిన పేరు కృపామణీ, మేం థోక్ నాథ్ అంటాం, మనుషుల నోరు అని" అనేవాడు. ఒకే మాట ఊపిరి కలిపి అంటే ఒక అర్థం, కలపకుండా అంటే ఇంకోటట. నేను అనబోతే కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వేవాడు. ఏం చెప్తున్నాను... ఆఁ, కూతురు. ఒక్కతే, న్యామాల్. తల్లి జర్మనావిడ, పిల్ల పసిదిగా ఉన్నప్పుడే పోయింది. కిటాలో, అదే ఇక్కడి పసిపిల్లల బడిలో, టీచరమ్మ చెప్పిందట, "ఇంట్లో రెండు భాషలైతే పిల్ల తికమకపడుద్ది, జర్మనే మాట్లాడండి" అని. మంచికే చెప్పిందిలే, ఆ రోజుల్లో అందరికీ అదే చెప్పేవారు. ఈయన దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాడు. వచ్చీరాని జర్మన్‌లోనే పిల్లని పెంచాడు, జోల కూడా అందులోనే.

కరోనా వచ్చిన ఏడు ఆయనకి పక్షవాతం కొట్టింది. కోలుకునేసరికి జర్మన్ మొత్తం తుడిచిపెట్టుకుపోయి వాళ్ళ భాషొక్కటే మిగిలింది. పెద్దవాళ్ళ హోంలో చేర్చారు. అప్పుడు లోపలికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు గదా. కింద గదే కాబట్టి ఈ పిల్ల కిటికీ బయట నిలబడి చూసేది. ఆవేళ ఒకటే గాలీ వానా. లోపల్నుంచి ఆయన ఏదో ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అంటున్నాడట, అరచెయ్యి నేలకేసి పెట్టి, ఇదిగో ఇలా ఊపుతూ. కిటికీ సందులోంచి ఫోన్లో రికార్డు చేసుకుంది. "పొమ్మంటున్నాడు టాంటె, లోపలికి రావట్లేదని నా మీద కోపం" అని ఏడుస్తూ ఇంటికొచ్చేసింది. నన్ను టాంటె అంటుందిలే, ఆంటీ అని. ఆ వారంలోనే పోయాడు.

పోయాక ఆ మాటేంటో తెలుసుకుందామని ఇద్దరం తిరగని చోటు లేదు. ముందు వాళ్ళ పక్క తెగ, డింకా ఆయన ఒకడు దొరికాడు. "దగ్గర భాషే గానీ నాకు పట్టు చిక్కట్లేదు" అన్నాడు. చివరికి హాంబర్గ్‌లో ఒకావిడ, ఇథియోపియా వైపు నూయెర్. ఫోన్లో వింది. "ఈయనది నైలుకి పడమటి యాస, మాది తూర్పు. ఇంకోసారి పెట్టండి" అంది. రెండోసారి విని, "తడిసిపోతున్నావు, లోపలికి రామ్మా, అంటున్నాడు" అంది.

మరి మనమూ చెయ్యి అలాగే ఊపి పిలుస్తాం గదా. నేను అక్కడుంటే చెప్పేదాన్ని. ఇక్కడ అలా ఊపితే పొమ్మనే. ఈ దేశంలో పెరిగిన పిల్ల, దానికేం తెలుసు.

ఇప్పుడు న్యామాల్ ఆ హాంబర్గ్ ఆవిడ దగ్గరే వీడియోలో ఆ భాష నేర్చుకుంటోంది. ఎలా వస్తోందే అని మొన్న అడిగాను. "వస్తోంది టాంటె. కానీ వచ్చేది ఆవిడ యాస, నాన్నది కాదు" అంది. నాన్నది రికార్డులో ఉందిగా అన్నాను. "ఒక్క మాటేగా" అంది.

ఊఁ... నీ ట్రామ్ వేళయింది. మాస్క్ పెట్టుకో తల్లీ.