స్టాంపు మీద జిగురు

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్. కూతురు తన పంక్ మ్యూజిక్ పత్రిక జెరాక్స్ కాపీలకు పిన్నులు కొడుతోంది. తండ్రి ఒక కాపీని కవర్లో పెట్టి, స్టాంపు అంటించి, దాని పైన కూడా జిగురు పూశాడు.

"నాన్నా, గ్లూ పైన కాదు, కింద!"

"పైనే పూయాలమ్మా. పోలండ్‌లో చదువుకునేటప్పుడు నేనూ నా ఫ్రెండ్ యాచెక్కూ ఇలాంటి పత్రికే చేసేవాళ్లం. పోస్టాఫీసు ముద్ర ఈ జిగురు మీద పడుతుంది. అందుకున్నవాళ్లు దాన్ని నీళ్లలో కడిగేసి, స్టాంపు మాకు తిరిగి పంపేవాళ్లు. మళ్లీ అదే వాడేవాళ్లం."

"దట్స్ చీటింగ్!"

"చీటింగే. స్టాంపులు కొనే స్తోమత లేదు మరి."

"ఇప్పుడు కొనగలం కదా! మళ్లీ ఎందుకు?"

తండ్రి కవరు మీది యాచెక్ అడ్రసు వంక చూశాడు. ముప్ఫయ్యేళ్ల నాటిది. ఆన్‌లైన్‌లో ఎంత వెతికినా ఇంకొకటి దొరకలేదు.

"ఆ అంకుల్ ఇంకా అక్కడే ఉంటాడా?"

"ఏమోనమ్మా. వాడు ఉత్తరాలు రాసే రకం కాదు. సెలవుల్లో వాడింటికి నేను కాపీ పంపితే, స్టాంపు మాత్రం ఏనాడూ తిరిగి పంపకుండా ఉండలేదు."

కూతురు కవరు తీసుకుని, లైటు కింద అటూ ఇటూ వంచి చూసింది.

"ఈ కార్నర్ మిస్ చేశావ్ నాన్నా," అంటూ జిగురు సీసా అందుకుంది.