పద్నాలుగు బల్లలను స్వస్థానం చేర్చిన సోమమ్మగారు

1989వ సంవత్సరం జూలై 17వ తేదీ, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు, అప్పటికి మధ్యప్రదేశ్ రాష్ట్రంలో ఉన్న కొంటా పట్టణంలోని మన భవనాల కార్యాలయంలో శ్రీమతి సోమమ్మగారు సామగ్రి సహాయకురాలిగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ముప్ఫై ఆరేళ్ళకు పదహారు రోజులు తక్కువైన ఆ సేవ 2025 జూన్ 30వ తేదీన ముగిసింది. ఆ పదహారు రోజులు కూడా పూర్తిచేసే వెళతానని ఆమె నవ్వుతూ అంటున్నారు గానీ, నియమాలు ఒప్పుకోవు. ఈ మధ్యకాలంలో రాష్ట్రం పేరు మారింది, జిల్లా పేరు మారింది, కార్యాలయం పైకప్పు రెండుసార్లు మారింది. ఇవేవీ తాళంచెవుల గుత్తి ఆమె నడుమున ఉండటాన్ని మార్చలేకపోయాయి.

సోమమ్మగారు ఎర్రబోరు అనే పల్లెలో, వ్యవసాయ కూలీల ఇంట జన్మించారు. ఆ ఇంట బడి మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. తల్లిదండ్రులు మిరప కోతలకు గోదావరి ఒడ్డుకు వెళ్ళినప్పుడల్లా చదువు ఆగిపోతూ, వాళ్ళు తిరిగివచ్చినప్పుడల్లా మళ్ళీ మొదలవుతూ, కొంటాలో పదకొండో తరగతితో ఒక దరికి చేరింది. దస్త్రాలతో హిందీ, దుకాణదారులతో తెలుగు, సామాన్లు మోసేవారితో దోర్లీ, అటుపిమ్మట జగ్దల్‌పూర్ బదిలీ పుణ్యాన హల్బీ, ఇలా నాలుగు భాషలు ఆమె నాలుక మీద సుఖంగా కాపురం చేస్తున్నాయి. కోపం వస్తే వీటిలో దేన్ని వాడతారో తెలుసుకోవాలని మనలో చాలామందికి కుతూహలం ఉండేది. కోపం వస్తే ఆమె అసలు మాట్లాడరని క్రమంగా అందరికీ తెలిసింది.

ఆమె చేరేనాటికి మన గోదాములో కుర్చీలు, మంచాలు, బీరువాలు, విరిగిన పంకాలు ఒకదానిమీద ఒకటి పడి ఉండేవి. ఏది ఏ బంగళాదో చెప్పగలిగినవారు లేరు. సోమమ్మగారు ఒక్కొక్క వస్తువును కడిగి, తుడిచి, తెల్ల రంగుతో దాని అడుగు భాగాన నంబరు వేయటం మొదలుపెట్టారు. అందరికీ కనబడేలా పైన వేయరాదా అని అప్పటి ఇంజనీరుగారు అడిగితే, పైన వేసిన నంబరును గీకేయాలని ప్రతివాడికీ తోస్తుందనీ, కింద వేసిన నంబరు ఉందన్న సంగతే ఎవరికీ తట్టదనీ ఆమె సవినయంగా మనవి చేశారు. ఆ నంబర్ల చేతిరాత ఒక ప్రత్యేకత. ఏడు అంకెకు నడుమున చిన్న గీత, తొమ్మిదికి పొడుగాటి తోక ఉంటాయి. రంగు కాస్త దట్టంగా వేస్తారు కాబట్టి ఆ అంకెలు చేతికి కూడా తెలుస్తాయి.

1998లో ఆమెను జగ్దల్‌పూర్‌కు బదిలీ చేశారు. మంత్రివర్యుల అధికార నివాసంగా కేటాయించిన ఒక ప్రభుత్వ బంగళాలోని సామగ్రిని పద్నాలుగేళ్ళపాటు ఆమె కనిపెట్టుకుని ఉన్నారు. ఒక మంత్రిగారు ఖాళీ చేసి మరొక మంత్రిగారు ప్రవేశించే ప్రతి సందర్భంలోనూ ఆమె చీర కొంగు బిగించి నేలమీద కూర్చుని, సోఫాల కింద, మేజాల కింద తలదూర్చి, జాబితాతో సరిచూసేవారు. ఒక మంత్రిగారి సతీమణి ఇది చూసి, ఏదో పోగొట్టుకున్నారనుకుని, తాను కూడా పక్కన కూర్చుని వెతికారట. ఆ పూట బంగళాలో ఒక్క చెంచా కూడా తక్కువ రాలేదని సోమమ్మగారు ఇప్పటికీ సంతోషంగా చెబుతారు. 2012లో స్టోర్‌కీపరుగా పదోన్నతి పొంది ఆమె తిరిగి కొంటా చేరారు.

ఆమెను గురించి చెప్పేటప్పుడు బల్లల ఉదంతాన్ని వదిలిపెడితే ఈ సంచిక చదివే కొంటావాసులు మనల్ని క్షమించరు. అది ఒక శాసనసభ ఎన్నికలకు కొంచెం ముందు జరిగింది. ఏ ఎన్నికలో, ఇందులో వచ్చే మంత్రిగారు ఎవరో ఇక్కడ చెప్పటం మర్యాద కాదు. ఆయన గెలిచారా ఓడారా అన్నది బల్లలకు సంబంధం లేని విషయం.

సోమమ్మగారి భర్త శ్రీ భూషణంగారు కొంటా బస్టాండు దగ్గర దర్జీ దుకాణం నడుపుతారు. శబరి నది ఒడ్డున ఉన్న చిన్న ప్రార్థనా మందిరానికి, అంటే వారి సంఘానికి, ఆయన అప్పటికి రెండు పర్యాయాలుగా కార్యదర్శి. ఆ మందిరంలో అందరూ చాపల మీద కూర్చునేవారు. మోకాళ్ళ నొప్పులవారు కూర్చోవటానికి ఒక కీర్తన, లేవటానికి ఒక కీర్తన పట్టేది. మంత్రిగారి పర్యటనలో భూషణంగారు ఈ ఇబ్బందిని విన్నవించుకోగా, పది రోజులు తిరక్కుండానే పద్నాలుగు టేకు బల్లలు లారీలో దిగాయి. మంత్రిగారే స్వయంగా వచ్చి, ఇవి తన సొంత ఖర్చుతో చేయించిన కానుక అని ప్రసంగించారు. భూషణంగారు శాలువా కప్పి, కొత్త బల్లలు వచ్చాయని సంఘమంతటికీ ప్రకటించారు. ఎన్నికల నియమావళి అమలులోకి రావటానికి అప్పటికి ఇంకా నాలుగు రోజుల వ్యవధి ఉంది.

ఆ రోజున సోమమ్మగారు కార్యాలయపు పనిమీద సుక్మాలో ఉన్నారు. మరుసటి ఆదివారం ఆరాధనలో ఆమె మూడో బల్ల మీద కూర్చున్నారు. బల్ల కొద్దిగా ముందుకు జరిగితే సరిచేయబోయి, చెయ్యి కిందికి పోనిచ్చి అంచు పట్టుకున్నారు. వేళ్ళకు గరుకుగా ఏదో తగిలింది. ఒక నిలువు గీత, దాని పక్కన నడుము గీత ఉన్న ఏడు, ఆ పక్కన పొడుగాటి తోక తొమ్మిది. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగానే ఆమె పూర్తిగా వంగి బల్ల కిందికి చూశారు. ఆమె అంత భక్తితో వంగారని భావించి పక్కనున్న స్త్రీలు ముగ్గురు కూడా అంతే వంగారు. అవి ఆ మంత్రిగారు ఉంటున్న జగ్దల్‌పూర్ బంగళా వరండాలో సందర్శకులు కూర్చునే బల్లలు. వాటికి రంగు కొట్టి, నంబరు వేసింది తానే. ఆరాధన ముగిశాక, ఊడ్చే నెపంతో పద్నాలుగూ చూశారు. పద్నాలుగూ అవే.

ఇంటికి నడిచి వెళుతూ ఆమె భర్తకు ఈ సంగతి చెప్పారు. వచ్చే ఆదివారమే సంఘ సర్వసభ్య సమావేశం, అందులోనే కార్యదర్శి ఎన్నిక. మూడోసారి కూడా తననే ఎన్నుకుంటారని భూషణంగారి గట్టి నమ్మకం, ఆ నమ్మకానికి సగం ఆధారం ఆ బల్లలే. ఆయన ఎన్నో విధాల నచ్చజెప్పారు. మంత్రిగారికి తెలిసి జరిగిందో, ఆయన మనుషులు తెలియక పంపారో మనకెందుకన్నారు. ముసలివాళ్ళ మోకాళ్ళను తలుచుకోమన్నారు. చివరికి అసలు మాట అన్నారు.

"నీ డ్యూటీ కొంటాల. ఆ బల్లలు జగ్దల్‌పూర్‌యి. నిన్ను అడిగెటోళ్ళు ఎవరు? మధ్యల నీకేంది?"

"నంబరు నా చేత్తోటి ఏసిన," అన్నారు సోమమ్మగారు. "సంఘానికి నువ్వు జవాబుదారివి. అందుకే ఆదివారం దాక ఆగుత. నువ్వే లేచి జెప్పు. జెప్పకుంటే సోమవారం పొద్దుగాల పై ఆఫీసుకు నేను రాస్త."

ఆ తరువాత ఆరు రోజులు ఆమె ఆ ఊసే ఎత్తలేదు. భూషణంగారి అవస్థ మాత్రం బస్టాండులో అందరూ చూశారు. ఆయన ఆ వారం ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టారు. ఉండబట్టలేక మంత్రిగారి మనుషులకు ఫోను చేసి, బల్లలు కొన్న కాగితం ఏదైనా ఉంటే పంపమని అడిగారు. దేవుడి మందిరానికీ మంత్రిగారికీ నడుమ కాగితాలెందుకని వారు నవ్వారు. పోలింగు ముగిసేదాకా నోరు మెదపకుండా ఉంటే మందిరానికి కొత్త రేకులు కూడా వేయిస్తామన్నారు. మందిరం పైకప్పు కారుతున్న మాట నిజమే. ఆ ఫోనుతో ఆయన బరువు దిగకపోగా రెట్టింపయింది.

ఆదివారం రానే వచ్చింది. వార్షిక నివేదిక చదవటానికి భూషణంగారు లేచారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఈ బల్లలు మనయి గావు. మంత్రిగారియి గూడ గావు. సర్కారుయి. కాగితం అడగకుండ నేను తీసుకున్న, కొత్తయని మీకు జెప్పిన. తప్పు నాది."

మందిరంలో అందరూ ఒక్కసారే మాట్లాడారు. తిరిగి పంపితే మంత్రిగారికి కోపం వస్తుందని ఒకరు, ఎన్నికల వేళ చర్చి పేరు బజారున పడుతుందని మరొకరు, అడిగేదాకా ఉంచుకుందామని ఇంకొకరు అన్నారు. పాస్టరుగారు అందరినీ శాంతపరచి, మొదటి బల్ల మీద కూర్చున్న లక్మేగారి వైపు చూశారు. డెబ్బై దాటిన లక్మేగారు దోర్ల గూడెం నుంచి కర్ర పట్టుకుని వచ్చే వృద్ధురాలు. ఆ బల్లలు వచ్చినందుకు అందరికన్నా ఎక్కువ సంతోషించింది ఆమే. ఆమె కర్ర ఊతంగా మెల్లగా లేచి నిలబడ్డారు.

"నా మోకాళ్ళు నొస్తయి, అది నిజమే. గాని దీని మీద కూసోని కండ్లు మూసుకుంటే, దేవునికి మొక్కుతున్ననో మంత్రికి మొక్కుతున్ననో నాకు ఎరుక గాదు. తీస్కపోండి."

చేతులెత్తి ఓటు వేశారు. బల్లలు వెనక్కి పంపాలన్నది నెగ్గింది. ఎన్నికలు ప్రకటించిన నాటినుంచి ఫలితాలు వచ్చేదాకా ఏ పార్టీవారి కానుకా స్వీకరించరాదనీ, మిగతా రోజుల్లో ఎవరు ఏమి ఇచ్చినా ఇచ్చినవారి పేరుతో సహా మందిరం గోడమీద అతికించాలనీ ఆ పూటే తీర్మానించారు. భూషణంగారు పోటీ నుంచి తప్పుకుంటానంటే సంఘం ఒప్పుకోలేదు. చీటీలు వేసి జరిపిన కార్యదర్శి ఎన్నికలో కిందటిసారికన్నా ఎనిమిది ఓట్లు తగ్గినా ఆయనే గెలిచారు. మీరు ఎవరికి వేశారని సోమమ్మగారిని అడిగితే, అది రహస్య ఓటు అంటారు. లక్మేగారి కోసం భూషణంగారు తన దుకాణంలోని కుర్చీని తెచ్చి మందిరంలో వేశారు. కొలతలు ఎలాగూ నిలబడే ఇవ్వాలి కాబట్టి దుకాణానికి నష్టమేమీ రాలేదు.

మరుసటి వారం సోమమ్మగారు సొంత సెలవు పెట్టి, సుక్రాం అనే డ్రైవరు లారీలో బల్లలకు తాటిపత్రి పట్టా కప్పి, తాను ముందు సీటులో కూర్చుని, దర్భా ఘాటు మీదుగా జగ్దల్‌పూర్ చేరారు. అక్కడ ఊహించని చిక్కు వచ్చింది. బంగళా కాపలాదారు జాబితా తీసి చూసి, పద్నాలుగు బల్లలూ ఇక్కడే ఉన్నట్టు రాసి ఉంది కాబట్టి, ఇవి కూడా తీసుకుంటే ఇరవై ఎనిమిది అవుతాయని, అదనపు సామాను దింపుకునే అధికారం తనకు లేదని హల్బీలో ఖండితంగా చెప్పాడు. ఉన్న పద్నాలుగూ చూపించమని ఆమె అదే భాషలో అడిగారు. ఇద్దరూ కలిసి ఖాళీ వరండాకు వెళ్ళి చాలాసేపు చూశారు. ఆ తరువాత అతను బల్లలు దింపించి, రసీదు మీద సంతకం చేశాడు.

బల్లలు బంగళా దాటి వెళ్ళినప్పుడు ఎవరూ ఎవరినీ అడగలేదు. తిరిగి చేరినప్పుడు మాత్రం, మంత్రి నివాసపు సామగ్రిని అనుమతి లేకుండా ఎందుకు తరలించారని సోమమ్మగారికి సంజాయిషీ నోటీసు వచ్చింది. వస్తువులను వాటి చోటికే చేర్చాననీ, రసీదు జతచేశాననీ ఆమె ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ఆ దస్త్రం నాలుగు నెలలు తిరిగి తిరిగి మూతపడింది. ఆ నాలుగు నెలలు ఆమెకు దిగులు వేయలేదనుకుంటే పొరపాటు. ఉద్యోగం పోతే ఎలాగని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకోవటం మనలో కొందరం చూశాం. ఆ రోజుల్లో మనలో ఎవరమూ గట్టిగా ఆమె పక్షాన నిలబడలేదన్న సంగతిని ఈ అభినందనల నడుమ ఒప్పుకోవటం మన ధర్మం.

ఈ సంచిక కోసం కుటుంబ సభ్యుల అభిప్రాయం అడిగేందుకు మన సంపాదకవర్గం భూషణంగారి దుకాణానికి వెళ్ళింది. ఆ ఆదివారం లేచి నిలబడటానికి ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, ఆయన మిషను ఆపి, సూదిలో దారం సరిచేసుకుంటూ ఈ మాట అన్నారు.

"ధైర్యం గాదు సార్. నేను లేవకుంటే ఆమె సోమవారం తప్పకుండ రాసేది. రాసొచ్చి, ఒక్క మాట గూడ అనకుండ, రోజు పెట్టినట్టే నాకు అన్నం పెట్టేది. ఆ అన్నం నేను తినలేను సార్. అందుకే లేచిన."

ముప్ఫై ఆరేళ్ళు ప్రభుత్వ సామగ్రిని, అంతకుమించి ఒక మనిషి మనస్సాక్షిని, పల్లెత్తు మాట అనకుండా కాపాడిన శ్రీమతి సోమమ్మగారికి మన కార్యాలయం పక్షాన హృదయపూర్వక అభినందనలు. ఇకమీదట భూషణంగారు వంట నేర్చుకుని, ఆ వంట తినదగినదిగా తయారై, పిమ్మట చాలా ఏళ్ళపాటు ఆమెకు కమ్మగా వడ్డించేటంతటి దీర్ఘాయువును, అరిగించుకునేటంతటి ఆరోగ్యాన్ని ఆ దంపతులిద్దరికీ భగవంతుడు ప్రసాదించాలని మనసారా కోరుకుంటున్నాం.