ఫార్మాట్ చేయమంది

ఆపరేషన్‌లో గొంతు పోయిన అన్నకు కాపలాగా ఆసుపత్రి గదిలో తమ్ముడు, ఇంట్లో కంప్యూటర్ ముందు వదిన. మధ్యలో ఫోను.

“హార్డ్‌డిస్కు ఇంకోసారి పెట్టి చూడు వదినా. వైరు వెనకవైపు గుచ్చు.”

“అన్నివైపులా గుచ్చాను చిన్నా, ఆయన కథలే కనబడట్లేదు. ఆయన నిద్రలోనే ఉన్నారా?”

“ఆఁ, పడుకున్నాడు. కంగారుపడకు. అన్నయ్య పాప కోసం ఆ కథలు రికార్డు చేసింది డబ్బింగ్ స్టూడియోలో, మ్యాక్ కంప్యూటర్ మీద. మనింట్లోది విండోస్. ఆ హార్డ్‌డిస్కు దీనికి అర్థం కాదు, అంతే. స్టూడియోకి పట్టుకెళ్తే ఇట్టే తెరుచుకుంటుంది.”

“ఇట్టే తెరుచుకుంటుందా?”

“ఎందుకు తెరుచుకోదు? పాప ప్రతి పుట్టినరోజుకీ నాన్న గొంతుతో ఓ కథ ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త. ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. పొరపాటున కూడా సరే అనకు... వదినా?”

“అడిగితే ఏమవుతుంది?”

“అడిగితే ఏం కాదు. సరే అంటేనే కొంప మునిగేది, ఉన్నదంతా చెరిపేస్తుంది.”

“పొద్దున అడిగింది.”

“వద్దన్నావుగా?”

“పాప ఒకటే ఏడుపు, నాన్న గొంతు వినిపించమని. వాడుకోవాలంటే ఫార్మాట్ చేయాలంది. వాడుకోవాలనేగా నా బాధ? చేసేశాను.”

“అయ్యో... సరే. సరే. పైపైనే చెరిపి ఉంటుంది. తిరిగి రప్పించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఈ ఫోన్లోనే వెతుకుతున్నా. దాన్నిక ముట్టుకోకు. ఆ తర్వాత అందులో ఏమీ పెట్టలేదుగా?”

“ఏమీ అంటే?”

“వదినా.”

“పనిచేస్తోందో లేదో చూద్దామని... పాప కార్టూన్లు, నా సీరియళ్ళు, ఉన్నవన్నీ ఎక్కించాను. ఇక చోటు లేదని చెప్పేదాకా.”

“నిండిపోయేదాకానా?”

“నిండిందంటే పనిచేస్తున్నట్టేగా అనుకున్నాను. సంతోషించాను కూడా చిన్నా, పిచ్చిదాన్ని.”

“కథలున్న చోటే అవన్నీ పరిచేశావు వదినా. ఇక రావు.”

“ఒక్కటైనా? కథ కాకపోయినా, పాపను బంగారూ అని పిలిచే ఆ ఒక్క ముక్కైనా?”

“రాదు.”

“ఆపరేషన్ ముందు రోజు కూడా గుటక కూడా మింగలేనంత నొప్పితో చదివారు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆయనకు చెప్పకు. కింద పడిందందాం. వర్షంలో తడిసిందందాం. నేను చేశానని మాత్రం...”

“వదినా, ఆగు.”

“ఎలా ఆగను? డాక్టర్లు తీసేయగా మిగిలిన ఆ కాస్త గొంతునూ నేను తుడిచేశాను.”

“ఆగమంటున్నానా. రెండు చేతులతో వెతుకుదామని ఫోను స్పీకర్లో పెట్టాను. అన్నయ్య కళ్ళు తెరిచే ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలీదు. లేచానని చెప్పడానికి గొంతు లేదుగా.”