మంచినీళ్ల ట్యాంకరు వచ్చేదాకా

"అవ్వా, పుట్టినప్పటి నుంచి ఏయే కప్పుల కింద బతికినావో చెప్పు, ఫోన్లో రికార్డు చేసుకుంటా. ఎట్టాగూ ఊరికే కూచోనుండావు గదా."

ఊరికే కూచోలేదు మే నేను. పని మీదే కూచోనుండా. నా కింద ఏముండాయి? నీ ఇంటి స్లాబుకు తెచ్చిన సిమెంటు బస్తాలు. బస్తాల మీద పట్ట, పట్ట మీద నేను. నేను లేస్తిననుకో, ఆ మేస్త్రీ పట్ట లాగేస్తాడు, కాంక్రీటు కలిపే మిల్లరు తిప్పేస్తాడు, ఈ బోరు నీళ్లే పోసేస్తాడు. మంచినీళ్ల ట్యాంకరు వచ్చేదాకా నేను లేచేది లేదు. ఆ డ్రైవరుకి ఇంకోసారి ఫోను చెయ్యి. చేసినావా? ఎత్తలేదా? చూడు ఎట్టుండాదో.

చెప్తా, చెప్తా మనవరాలా. ఆ ఫోను కొంచెం ఎడంగా పట్టుకో, నోట్లో పెట్టేటట్టుండావు.

నేను పుట్టింది తాటాకింట్లో. ఈ వాకాడు పక్క సముద్రం ఒడ్డున అప్పుడు అన్నీ అవే. చూరు ఎంత కిందికుండేదంటే, మా నాయన పొడుగు మనిషి, రోజూ తలకు తగిలించుకునేవోడు, రోజూ చూరును తిట్టేవోడు. కొంచెం ఎత్తు పెట్టుకోవచ్చు గదా అంటే, గాలి దూరతాది అనేవోడు. ఆకు రెండేళ్లు ఉండేది. కాదులే, బాగా కప్పితే మూడేళ్లు. పొయ్యి పైన పొగ పట్టిన తావ ఇంకా ఎక్కువ, పురుగు పట్టదు గదా. ఎండాకాలం వస్తే పాతాకు దించి కొత్తాకు ఎక్కించేది. మోపు ఆకు ఎంతకొచ్చేదో అప్పుడు... ముప్పావలానా, రూపాయా? మా అమ్మకైతే తెలిసుండేది. గాలివాన నెలలొస్తే పాత వలలు తెచ్చి కప్పు మీద పరిచి, చుట్టూ గూటాలకు బిగించి కట్టేవోళ్లు. ఎంత వాన పడినా లోపల చప్పుడే ఉండదు మే. పొద్దున లేచి బయట నీళ్లు చూసి, ఓహో రాత్రి వాన పడిందా అనుకునేవాళ్లం.

ఏందా చప్పుడు? ట్యాంకరేనా? చూడు... రొయ్యల మేత లారీనా? పోనీ. ఆ రొయ్యల గుంటలు వచ్చినాకే గదా ఈ బోర్లన్నీ ఉప్పు తిరిగింది.

ఆఁ, యాడున్నా? పెళ్లయినాక మా అత్తోళ్లది పెంకుటిల్లు. మా మామకి దాని మీద ఎంత గర్వమంటే, ఎవురన్నా దారి అడిగితే, "పెంకుటిల్లు కనపడతాది, దాని పక్కన" అని చెప్పేవోడు. దాని పక్కన అంటే వాళ్లింటికి పోవాలన్నా మనిల్లే చూడాల! పెంకు గట్టిదే, నేను కాదనను. నీ పిల్లల పిల్లల దాకా ఉంటాది. ఉండనిచ్చేది ఎవురు? పిల్లి నడిస్తే జరగతాది, కోతి దూకితే పగలతాది. ఏటేటా వానలకు ముందు ఎక్కి సర్దించుకోవాల. ఒక్క ఏడు మర్చిపోతే ఇంట్లో గిన్నెలన్నీ కింద పరుచుకోవడమే. మా అత్త కూర గిన్నె కూడా పెట్టేసేది. కూర యాడ వండాల?

మేస్త్రీ, నన్నేం చూస్తా ఉండావు నాయనా? టీ తాగు. మీ వాళ్లకి కూడా పొయ్యి.

మేస్త్రీ మంచోడే మే, నేను తప్పు పట్టను. మిల్లరు మధ్యాన్నానికి ఇంకో ఊరు పోవాలంట. కూలోళ్లు ఊరికే నిలబడుండారు. ఆ తూర్పు పక్క చూడు, మబ్బు లేస్తా ఉండాది. నాకూ కాలు తిమ్మిరెక్కిపోయింది. ఒక నిమిషం ఒకచోట కూచునే మనిషినా నేను? అయినా లేవను.

పెంకులు గాలికి పోయినాక మీ తాత, నేను రేకులేసుకున్నాం. ఇనప రేకు. మెరిసిపోతా ఉంటే ఊరంతా వచ్చి చూసినారు. ఉప్పుగాలి ఊరుకుంటాదా? నాలుగైదేళ్లకి జల్లెడ. వానొస్తే ఆ మోతకి పక్కనున్నోళ్ల మాట వినపడదు. పాస్టరు గారు ప్రార్థనకి వచ్చినప్పుడు వాన పడితే ఆమెన్ ఎప్పుడు చెప్పాలో తెలీక ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లం. తర్వాత సిమెంటు రేకు. అది తుప్పు పట్టదు, నిజమే. టెంకాయ పడితే పగిలింది. ఎండాకాలం లోపల ఉడికిపొయ్యేవాళ్లం.

అప్పుడు మీ తాత అన్నాడు, ఇంక ఈ అతుకులు వద్దు, మిద్దె వేద్దాం అని. మిద్దె అంటే మూడు తరాలు పైకి చూసే పని లేదు అని కనపడినోడికల్లా చెప్పినాడు. ఆయనకి అంత సంబరం నేనెప్పుడూ చూళ్లేదు. సముద్రం పక్కన ఇసకలో చెలమ తీసి, ఆ నీళ్లే తోడి కలిపినారు. అప్పుడు ఎవురూ అడగలా. నీళ్లు నీళ్లే గదా అనుకున్నాం అందరం.

కొన్నేళ్లు బానే ఉండింది. తర్వాత పైన ఎర్రగా చారలు. తర్వాత ఒక తావ ఉబ్బింది. ఆ ఉప్పు నీళ్లకి లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బతా ఉంటే సిమెంటు ఏం చేస్తాది? సున్నం కొట్టించినాం. మళ్లీ ఉబ్బింది. ఒకనాడు మీ తాత చేపల వేట నుంచి వచ్చి, అన్నం తిని, మంచం మీద అట్టా వాలినాడు. పెద్ద పెచ్చు ఊడి భుజం మీద పడింది. తల మీద పడలేదు, దేవుని కృప. కానీ ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలా. వల వెయ్యలేకపోయినాడు. ఆయన మీద తాటాకు పడినా, పెంకు పడినా దులుపుకుని లేచేవోడే. ఎవుర్నీ ఏమీ అనలా మే ఆయన. అదే నాకు ఇప్పటికీ బాధ. తిట్టుంటే బాగుండు.

నువ్వు తెల్లారకముందే బస్సెక్కి కృష్ణపట్నం పోర్టుకి పొయ్యి, చీకటి పడినాక వచ్చి కట్టుకుంటా ఉండావు ఈ ఇల్లు. ఇసక ఏటి ఇసకే తెప్పించినావు, మంచిది. ఈ ఒక్క పూట నీళ్ల కాడ తొందరపడబాక. అంతే నేను చెప్పేది.

అదిగో! ఈసారి ట్యాంకరే. హారను కొడతా ఉండాడు. ఆగు మేస్త్రీ, ఆగు, నేనింకా లేవలా. మే, గ్లాసు తీసుకో, ఆ పైపు కింద పట్టు. తే ఇట్టా.

...ఇదిగో చూడు, దగ్గరికి రా. గట్టిగా అనబాక. నాకు తెలీడం లేదు. పోయినేడు ఆ జ్వరమొచ్చినాక నా నాలికకి ఉప్పూ తెలీదు, చప్పనా తెలీదు. కూరలో ఉప్పు చేతి గురుతుకి వేస్తా ఉండా, మీ నాయనకి చెప్పలా. నువ్వే తాగి చూడు. మింగబాక, నాలిక మీద ఆపు. నీ మొహమే చూస్తా ఉండా నేను.

చప్పగానే ఉండాయా? నిజంగా? ముసల్దాన్ని లేపేదానికి అనడం లేదు గదా? ఇంకో గుక్క చూడు.

సరే. చెయ్యియ్యి. మెల్లగా లాగు, కాలు నాది కాదు ఇప్పుడు. మేస్త్రీ, తీసుకో నాయనా నీ పట్ట.

చల్లగా ఉండు మే. ఇన్నేళ్లు నేను పైకి చూస్తానే పండుకున్నా. నువ్వు మాత్రం ఈ కప్పు కింద, పైన ఏముందో కూడా గుర్తు లేకుండా నిద్రపోవాల.