డైమను రాణి ఎవరి దగ్గర?

క్లబ్బు వెనక పార్కింగులో కారు. లోపల అత్తగారు, కోడలు. బ్రిడ్జి పేకాట ఫైనల్ గెలిచి పది నిమిషాలైంది; కప్పు ఇంకా చేతికి రాలేదు.

"అద్దాలెత్తు ముందు. ఎవరైనా వింటారు."

"గెలిచాం కదత్తయ్యా! ఇంత కోపమెందుకు?"

"గెలిచాం కాబట్టే! ఓడిపోయుంటే ఈపాటికి నీకు కాఫీ తాగించేదాన్ని. అడిగిందానికి చెప్పు. డైమను రాణి లాయరమ్మ దగ్గరుందని నీకెలా తెలుసు?"

"తెలీదు. ఊరికే…"

"ఊరికే? ఆర్నెల్లు నీకు నేర్పి చచ్చిందేంటి? వేలంపాట ఎవరు పాడితే పెద్ద ముక్కలు వాళ్ళ దగ్గరుంటాయని. అవతలి జట్టులో డాక్టరు ఆఠీన్లు, ఆఠీన్లు అని నాలుగు దాకా గొంతు చించుకున్నాడు. ఆయన జోడీ లాయరమ్మ మొదట్నుంచీ పాస్, పాస్. రాణి ఎవరి దగ్గరుండాలి?"

"డాక్టరు దగ్గర."

"మరి?"

"ఒక్కోసారి ఉండదు కదా."

"ఆయన నాలుగు ఆఠీన్లన్నాక నోరు మూసుకోకుండా నాలుగు ఇస్పేట్లని ఎగబడ్డావు. పొగరు, పోనీలే అనుకున్నాను."

"పోటీ పాట వదలొద్దని మీరేగా…"

"మాట మార్చకు! రాణి ఎవరి చేతిలో ఉందో ఊహించి, దాన్ని తప్పించుకుని చిన్న ముక్కతో పట్టు కొట్టడం ఫినెస్. ఊహించి! తొంగి చూసి కాదు."

"తొంగి చూశానా? నేనా?"

"లేకపోతే లాయరమ్మ కలలోకొచ్చి చెప్పిందా?"

"అత్తయ్యా, మాట జాగ్రత్త."

"ముప్పై ఏళ్ళుగా ఇక్కడ ఆడుతున్నాను. ఒక్కరు వేలెత్తి చూపలేదు నన్ను. ఇప్పుడే వెళ్ళి పోటీ డైరెక్టరుకి చెప్తాను. నా కోడలు ముక్క చూసి ఆడింది, కప్పు మాకొద్దని. జన్మలో నిన్నీ గుమ్మం తొక్కనివ్వరు."

"చెప్పొద్దు."

"ఏం, భయమా?"

"మీ కోసమే వద్దంటున్నాను. వదిలెయ్యండి."

"నా కోసమా! ఎంత పెద్ద మనసమ్మా నీది! చెప్పు, చెప్పి తీరాలి."

"మీరు మంచినీళ్ళకని లేచారు."

"లేచాను. నేను డమ్మీని, నా ముక్కలు బల్ల మీద పరిచేశాను, అవీ నువ్వే ఆడాలి. లేవకూడదా?"

"లేవచ్చు. తిరిగొచ్చేటప్పుడు లాయరమ్మ వెనకనుంచి వచ్చారు."

"దారి అదే!"

"నేను జాకీ వేశాను. ఆవిడ చిన్న ముక్క వేసింది. మీ ముక్కల్లో ఆసు వైపు చెయ్యి చాపితే మీరు ఊపిరి బిగబట్టారు. చిన్నదాని వైపు జరిపితే వదిలారు."

"నేనా? నేను… ఛీ! నేను చూడలేదు."

"కావాలని చూసుండరు. కళ్ళు పడ్డాయి."

"అబద్ధం!"

"మొదటిసారి కూడా కాదత్తయ్యా. మీ పాఠాలు నాకు సగం బుర్రకెక్కలేదు. ఆర్నెల్లుగా మీ ఊపిరి వింటూ ఆడుతున్నాను. దొంగనే, ఒప్పుకుంటాను. ఒక్కదాన్నే దొంగనంటే మాత్రం ఒళ్ళు మండుతోంది నాకు."

"ఊపిరా?"

"ఊపిరే."

"బిగబట్టి, వదిలానా?"

"పక్క బల్లకి వినపడేలా."

"తలుపు తియ్. డైరెక్టరు దగ్గరికి నేనే వెళ్తాను. నా పేరే చెప్తాను."

"నేనూ వస్తాను. నేను ఆడినదానికి…"

"సరే, రా. ఆగు, ముందు ఆ ఫోనిటివ్వు. మీ మావయ్యకి చెయ్యాలి."

"మావయ్యగారికా? మీరా?"

"నా ఊపిరి గురించి నువ్వన్న ఈ మాటే పదకొండేళ్ళ కింద నాతో ఆడినప్పుడు ఆయనా అన్నారు. అప్పట్నుంచేగా నేనాయనతో మాట్లాడటం మానేసింది."