వంటశాల దాకా వినబడిన ప్రకటన

ఇంగ్లండు రాజును ధిక్కరిస్తూ 1776లో రాసిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను గొంతెత్తి చదివితే అది విన్న ప్రతివారికీ చెందుతుందని వర్జీనియాలో పెద్దలు నమ్మేవారు. 1821 జూలై మూడో తేదీ ఉదయం ఒక పొగాకు తోట యజమాని, మర్నాటి స్వాతంత్ర్య దినోత్సవంలో చదవడానికి తన వరండాలో సాధన చేసి, పెరట్లోని వంటశాల నుంచి బానిస స్త్రీని పిలిచాడు.

"నా గొంతు అక్కడి దాకా వినబడిందా?"

"శుభ్రంగా వినబడింది దొరా. మనుషులంతా సమానంగా పుట్టారన్నారు."

"ఆ తర్వాతది?"

"స్వేచ్ఛ ఎవరూ లాక్కోలేని హక్కన్నారు. మా గుడిసెల్లోవాళ్ళూ విన్నారు. మా జూనో అయితే పని చేసుకుంటూ ఆ మాటే అనుకుంటోంది."

"నీ కూతురా? ఎల్లుండి మా అమ్మాయితో అంత దూరం అలబామా వెళ్ళాలిగా. మూట కట్టుకుందా?"

"అదే అడుగుదామనుకుంటున్నాను దొరా. అమ్మాయిగారికి పెళ్ళికానుకగా దాన్ని ఇచ్చేశారు గదా. మీరు చదివిన ఆ 'అంతా'లో అది ఉందా, లేదా?"

"ఏమే, అది ఇంగ్లండు రాజుకి చెప్పిన మాట!"

"రాజుగారు ఇక్కడ లేరు గదా దొరా. విన్నది మేమే."

"నోరు బాగా లేస్తోంది. పో, పొయ్యి మీద మాంసం మాడుతోంది."

"మాడదు దొరా, దించే వచ్చాను. జూనో ఉందా అందులో?"

"రేపు నేను చదివేటప్పుడు మీలో ఒక్కరు కూడా ఉత్సవం జరిగే మైదానం ఛాయలకి రావద్దు."

మర్నాడు ఆయన ప్రకటనను ఒక్క మాటా తప్పకుండా చదివాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ మరుసటి ఉదయం జూనోను అలబామా బండి ఎక్కించారు.